పండుగ ఏ ఋతువులో వస్తే ఆ ఋతువు దుస్తులు

మా పుట్టింటి ఆల్బమ్‌లో రెండు ఫొటోలు పక్కపక్కనే అతికించి ఉంటాయి. రెండింటిలోనూ ఉన్నది నేనే. రెండింటిలోనూ ఒకటే గౌను. రెండూ ఈదుల్ ఫిత్ర్ నాడు తీసినవే, రెండూ 2000వ సంవత్సరంలోనివే. ఒకే సంవత్సరంలో రెండు రంజాన్ పండుగలు ఎలా వస్తాయని మా పిల్లలు మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. ఆ ఏడాది జనవరి మొదట్లో ఒక ఈద్, డిసెంబరు చివర్లో మరొక ఈద్ వచ్చాయి. చాంద్రమాన సంవత్సరానికి 354 లేక 355 దినాలే కనుక మన పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. అలా జరిగి జరిగి ఆ ఏడాది రెండు కొసలనూ తాకింది.

జనవరి ఫొటోలో గౌను అంచు నా చీలమండల మీద ఉంది. డిసెంబరు ఫొటోలోనూ అక్కడే ఉంది. పదేళ్ల పిల్ల ఏడాదిలో ఎదగకుండా ఉంటుందా? నాతోపాటు గౌను కూడా ఎదిగింది. మా అమ్మ అడుగున మూడు టక్కులు పెట్టి కుట్టింది. రెండో పండుగ వచ్చేసరికి రెండు టక్కులు విప్పింది. విప్పినచోట బట్ట రంగు కాస్త ముదురుగా గీతలా కనబడుతుంది కదా, దానిమీద సన్నని తెల్ల లేసు వేసింది. ఆ గీతను దాచడానికే లేసు వేశారని ఊళ్లో ఒక్కరికీ తోచలేదు. కొత్త ఫ్యాషన్ అనుకుని ఇద్దరు ముగ్గురు నమూనా అడిగి తీసుకుపోయారు కూడా.

అమ్మకు మా వీధిలో షోకైన మనిషి అని పేరు. నాన్నగారిది చిన్న జీతం. మా ఊరు మంగళగిరికి దగ్గర. మగ్గాల మీది నూలు చీరలు అమ్మకు బాగా తెలుసు. ఎన్నో చీరలు కొనేంత స్తోమత లేకపోయినా ప్రతి చీరనూ వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, వెనక్కి తిప్పి అంచు పరిశీలించి గాని కొనేది కాదు. సన్నని జరీతో గోపురాల వరుసలా ఉండే మంగళగిరి అంచును నిజాం బోర్డర్ అంటారని, నేను హైదరాబాదు కోడలినయ్యాక మా అత్తగారికి చెబితే ఆమె ఎంతో మురిసిపోయారు. "అయితే మీ ఊరి చీర మీద మా ఊరి పేరుందన్నమాట" అన్నారు.

ఇప్పుడు షోకైన తల్లి అనే పేరు నాకు వచ్చింది. ప్రతి రజబ్ నెలలోనూ చెల్లెళ్లు, వదినెలు, పక్కింటి సోదరీమణులు ఫోన్లు చేస్తారు. "ఆపా, ఈసారి ఏం నడుస్తోంది? పిల్లలకు ఏం తీసుకుంటున్నారు?" అని అడుగుతారు. నడుస్తున్నదేమిటో చెప్పడం సులభం. బజారులో బొమ్మకు తొడిగినదే నడుస్తున్నది. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు నేను పంచాంగం చూస్తాను. ఎందుకు చూస్తానో చెప్పాలంటే నా తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి.

2019లో ఈద్ జూన్ 5న వచ్చింది. మన రైతులు దానిని రోహిణి కార్తె అంటారు. రోళ్లు పగిలే ఎండ అని సామెత. అప్పుడు మా పెద్దమ్మాయికి ఏడేళ్లు. రంజాన్ చివరి దశలో, ఇఫ్తార్ అయ్యాక, రద్దీలో పడి ఒక దుకాణంలో గులాబీ రంగు నెట్ గౌను కొన్నాను. నాలుగు పొరల నెట్, లోపల పాలిస్టర్ అస్తరు, నడుము చుట్టూ పూసలు, మెడచుట్టూ గరుకైన తళుకులు. వెల 2,800 రూపాయలు. మావారు ధర చూసి ఏమీ అనలేదు, కాని ఆ నెల ఆయన తన చెప్పులు కొనుక్కోవడం మానుకున్నారని నాకు తరువాత తెలిసింది. పండుగనాడు పిల్ల రాణిలా ఉంది. ఈద్గాహ్ దగ్గర అందరూ మెచ్చుకున్నారు. మధ్యాహ్నం బంధువుల ఇంట్లో, కరెంటు పోయిన గంటసేపు, పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. షీర్ ఖుర్మా ముట్టలేదు. నేను "పండుగనాడు ఈ మొండితనమేమిటి?" అని నలుగురిలో కసిరాను. సాయంత్రం గౌను విప్పితే మెడ, చంకలు, నడుము చుట్టూ ఎర్రగా చెమటకాయలు. కొన్నిచోట్ల పూసల కుట్టు గీరి చర్మం లేచింది. ఒళ్లు కాలిపోతోంది. ఈద్ రాత్రి ఎనిమిది గంటలకు మేము డాక్టరుగారి వరండాలో ఉన్నాం. ఆయన పిల్లను చూసి, మూలన సంచిలోంచి తొంగిచూస్తున్న గౌనును చూసి, "అమ్మా, ఇది పిల్లకు తొడిగారా?" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

పిల్ల రెండు రోజులకు కోలుకుంది. గౌను మాత్రం మళ్లీ ఎవరి ఒంటిమీదికీ ఎక్కలేదు. ఇవ్వబోతే మా ఆడపడుచు కూతురు వద్దంది. ఇంట్లో పనికి వచ్చే ఆమె కూడా "దీన్ని మా పిల్ల ఎక్కడ కట్టుకుంటుందమ్మా" అని మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. పనికిరానిదాన్ని దానమిచ్చి పుణ్యం కట్టుకోబోయానని అప్పుడు తెలిసింది.

అదే వారంలో అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. "నీ చిన్నప్పటి ఈద్‌లు చలికాలంలో వచ్చేవి. నువ్వు తళుకులేసుకున్నా, వెల్వెట్ తొడుక్కున్నా చెల్లింది. ఇప్పటి పండుగ ఎండలో వస్తోంది. నువ్వు పండుగను గుర్తుపెట్టుకున్నావు, నెలను మరిచిపోయావు" అంది.

ఆ మాటతోనే పంచాంగం చూసే అలవాటు మొదలైంది. ఈద్ మన ఋతువులన్నింటినీ చుట్టి రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. 2013లో అది ఆగస్టు వానల్లో వచ్చింది. 2016లో జూలైకి, 2019లో జూన్ తొలివారానికి, 2022లో మే మొదట్లోకి, 2025లో మార్చి ఆఖరుకు, 2026లో మార్చి మూడోవారానికి జరిగింది. ఇక్కడినుంచి ప్రతి ఏడూ కాస్త కాస్త చల్లబడుతుంది. 2030లో ఈద్ ఫిబ్రవరిలో వస్తుంది, ఆ ఏడాది చివర్లోనే మరొక రంజాన్ ఉపవాసాలు మొదలవుతాయి. కనుక పెట్టెలోని పట్టు, మష్రూ, వెల్వెట్ దుస్తులను ఎండకాలపు ఈద్‌లకు బలవంతంగా బయటకు తీయనక్కరలేదు. వాటి కాలం మళ్లీ వస్తోంది. ఈలోగా బక్రీద్ మాత్రం వేసవిలో ఉంది. 2026లో అది మే ఆఖరున వచ్చింది, అంటే మళ్లీ రోహిణి కార్తే. మన రెండు పండుగలకూ ఒకే బీరువా అరలోంచి బట్టలు తీయడం కుదరదన్నమాట.

వేసవికి నేను ఎంచుకునేవి చెబుతాను. ఇంటిల్లిపాదికీ మొదటిది మంగళగిరి నూలు. ఆడపిల్లలకు కుర్తా, సల్వార్, దానిమీద పల్చని దుపట్టా కుట్టిస్తాను. మగపిల్లవాడికి తెల్ల కుర్తా పైజామా. నాకు వేంకటగిరి నూలు చీర. అది ఎంత పల్చనిదంటే లోపల మంచి మందపు లంగా, పొడుగు చేతుల రవికె లేనిదే కట్టకూడదు. కాని ఆ రెండూ కూడా నూలువే అయితే మూడు పొరలు ఉన్నా ఒంటికి గాలి ఆడుతుంది. ఒకే పొర పాలిస్టర్ కంటే మూడు పొరల నూలు చల్లగా ఉండడం నాకు మొదట వింతగా తోచింది. నూలు చెమటను పీల్చి గాలికి ఆర్పుతుంది. పాలిస్టర్ పీల్చదు, చెమటను చర్మం మీదే నిలబెడుతుంది. మా పిల్ల మెడమీద కనిపించింది ఆ తేడాయే.

అబాయా, బుర్ఖాల విషయంలో మన సోదరీమణులు ఎక్కువగా అడిగే ప్రశ్న నలుపు గురించి. ఎండలో నలుపు వేడెక్కుతుంది కదా, మరి ఎలా? దీనిని శాస్త్రజ్ఞులు నిజంగానే పరిశీలించారు. ఎడారిలో బెదూయిన్లు నల్లని వస్త్రాలు ఎందుకు ధరిస్తారన్న ప్రశ్నతో 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. నల్ల వస్త్రం తెల్లదానికంటే ఎక్కువ వేడిని గ్రహిస్తుందన్నది నిజమే, కాని వస్త్రం వదులుగా ఉంటే ఆ అదనపు వేడి చర్మాన్ని చేరేలోపే గాలికి కొట్టుకుపోతుందని, ధరించినవారి ఒంటికి తగిలే వేడిలో తేడా ఉండదని వారు తేల్చారు. కాబట్టి చూడవలసింది రంగుకంటే వదులుతనాన్ని. ఒంటికి అతుక్కునే అబాయా పరదా ఉద్దేశాన్నీ నెరవేర్చదు, ఎండనూ తట్టుకోనివ్వదు. నిదా అని అమ్మే బట్ట సాధారణంగా పాలిస్టర్ నూలుతో నేసినదే. ముడత పడదు, అందంగా జారుతుంది, ఉద్యోగానికి వెళ్లేవారికి అనుకూలం. నాకూ ఒకటి ఉంది. అయితే దాని లోపల నూలు దుస్తులే వేసుకుంటాను, ఎండలో నడిచి వెళ్లవలసిన రోజున నూలు అబాయాయే తీస్తాను. ముడతలు పడితే పడనీ.

బక్రీద్‌కు ఒక్కొక్కరికి రెండు జతలు కావాలి. నమాజుకు ఒకటి, ఖుర్బానీ పనికి ఒకటి. ఈ రెండో జతకు ఎవరూ ఆలోచన పెట్టరు. అందుకే కొత్త కుర్తా నెత్తుటి మరకలతో ఇంటికి వస్తుంది. ఆ మరకను వేడినీళ్లలో వేస్తే ఇక పోదు. చన్నీళ్లలో ఉప్పు వేసి వెంటనే నానబెట్టాలి. మా ఇంట్లో పాత ముదురురంగు లుంగీలు, బనియన్లు ముందురోజే తలుపు వెనక తగిలించి ఉంచుతాను. వంటింట్లో నెట్, జార్జెట్ దుపట్టాలు నిషేధం. ఆ రోజంతా పొయ్యి మండుతూనే ఉంటుంది. పాలిస్టర్‌కు నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అంటుకుపోతుంది.

వానాకాలం గురించి రెండు మాటలు చాలు. అప్పుడు తొందరగా ఆరే మిశ్రమ నూలు దుస్తులకు నేను అడ్డు చెప్పను. స్కూలుకు వెళ్లే పిల్లల సల్వార్లు పాదాలమీద పడేంత పొడుగు ఉండకూడదు. పెడన కలంకారీ అద్దకాలు ఈ కాలంలోనే మా ఇంట ఎక్కువ కనబడతాయి, ఆ మట్టిరంగులు మబ్బు వెలుతురులో నిండుగా ఉంటాయి. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి తయారుచేసిన బట్టమీద వేసిన సహజరంగులు గనుక మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, నీడన ఆరేసేలా చూసుకోవాలి. ఒకసారి నేను చూసుకోలేదు. మావారి తెల్లచొక్కాలు మూడు లేత ఇటుకరంగులోకి మారాయి. ఆయన ఇప్పటికీ వాటిని ఇంట్లో వేసుకుని తిరుగుతూ, ఎవరైనా అడిగితే "మా ఆవిడ చేతి కలంకారీ" అంటారు.

చలికాలపు అలంకారం మా అత్తగారి పెట్టెలో ఉంది. నేను ఆమెను అమ్మీజాన్ అని పిలుస్తాను. ఆమె పెళ్లినాటి ఖడా దుపట్టా, ఆరు గజాల పొడవు, కరచోబ్ పని చేసినది, కర్పూరపు వాసనతో మల్మల్ గుడ్డలో చుట్టి ఉంటుంది. దానికింద ఒక మష్రూ పైజామా. పైకి నిగనిగలాడే పట్టు, లోపల చేయి పెడితే మెత్తని నూలు. పడుగు పట్టు, పేక నూలు కావడంవల్ల, నేతలో పట్టుపోగులన్నీ పైకి, నూలుపోగులన్నీ లోపలికి తేలుతాయి. పురుషులకు మేలిమి పట్టు ధరించడం తగదన్న నియమం ఉన్నందున, పట్టు చర్మాన్ని తాకకుండా ఈ నేత పుట్టిందని, మష్రూ అనే పేరే ధర్మసమ్మతమైనది అనే అర్థం ఇస్తుందని చెబుతారు. గుజరాతులోని పాటణ్‌లోనూ, మన దక్కనులోనూ ఇది నేసేవారు. ఔరంగాబాదు హిమ్రూ కూడా పట్టు, నూలు కలిపిన నేతే. ఒక ఆజ్ఞను పాటిస్తూనే అందాన్ని వదులుకోకుండా ఎవరో నేతగాడు మగ్గం దగ్గర కూర్చుని ఇంత ఆలోచించాడంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మావారికి షేర్వాణీ కొనాలని పెళ్లిళ్ల కాలంలో ఒత్తిడి వచ్చింది. ఏడాదికి ఒక్కసారి ఆరు గంటలు వేసుకునే దుస్తులకు అంత డబ్బా అని ఆయన, నలుగురిలో తక్కువ కాకూడదని నేను. చివరకు అమ్మీజాన్ పెట్టెలో మిగిలిన హిమ్రూ ముక్కతో ఒక బండీ కుట్టించాం. తెల్ల కుర్తామీద అది వేసుకుని మూడు చలికాలాలుగా ప్రతి వలీమాకూ వెళుతున్నారు. ఎక్కడ కొన్నారని అడిగినవారికి "కొనలేదు, వారసత్వం" అని జవాబిస్తారు, కాస్త గర్వంగానే.

ఇక ప్రణాళిక. మా ఇంట్లో ఒక పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. రజబ్ నెలలో ఒక ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి బీరువా ఖాళీ చేయిస్తాను. ప్రతి ఒక్కరి బట్టలూ మంచం మీద మూడు కుప్పలవుతాయి. సరిపోయేవి, సరిచేస్తే సరిపోయేవి, ఇచ్చేయవలసినవి. ఇచ్చేసేవాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి ఇస్తాం. ఆ నెట్ గౌను నేర్పిన పాఠం అది. ఏమేమి లేవో పుస్తకంలో రాసుకుంటాం. అంతకుమించి కొనం. బట్ట రజబ్‌లోనే తీసుకుంటాం. ఇంటికి తెచ్చినరోజే నానబెట్టి ఆరేస్తాను. కొత్త నూలు మొదటి నీటిలో కుదించుకుపోతుంది. కుట్టించాక కుదించుకుపోతే దర్జీని తిట్టుకుని ప్రయోజనమేముంది? షాబాన్ మొదటివారంలో దర్జీ భాయ్ చేతికి ఇస్తాను. అప్పుడు ఆయన దగ్గర తీరిక ఉంటుంది, మాట వింటాడు. పిల్లల బట్టలకు పక్కకుట్లలో లోపల అంగుళంన్నర చొప్పున బట్ట వదలమంటాను. రంజాన్ నెలవంక కనబడేసరికి మా ఇస్త్రీ కూడా అయిపోతుంది.

ఇంత తొందర ఎందుకని అనుకునేవారుంటారు. రంజాన్ చివరి పది రాత్రులు ఎటువంటివో మనందరికీ తెలుసు. ఆ పది రాత్రులే పత్తర్‌గట్టీ, మదీనా, లాడ్ బజార్ సహర్ వేళదాకా తెరిచి ఉంటాయి, ఆ జనంలో సగం మనమే. నేనూ ఎన్నో ఏళ్లు అక్కడే ఉన్నాను. ఆ వెలుగులు, అత్తరు వాసన, లక్కగాజుల గలగల నాకు ఇష్టం కాదని అబద్ధం చెప్పలేను. ఇప్పటికీ నెల మధ్యలో ఒక సాయంత్రం పిల్లలను తీసుకుని వెళతాం. ఒక్కొక్కరికి ఒక డజను గాజులు, ఒక సుర్మా డబ్బీ, ఒక ప్లేటు హలీం. అంతే. బట్టల దుకాణం మెట్లెక్కం. మిగిలిన రాత్రులు ఇంటికి మిగులుతున్నాయి. నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని మాట్లాడుకునే అరగంట మాకు అంతకుముందు ఉండేది కాదు.

అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో ఆరాధనా సమయంలో అలంకరించుకోమన్న ఆదేశం, వృథా చేయవద్దన్న హెచ్చరిక ఒకేచోట ఉన్నాయి. నా చిన్నతనంలో ఈ ఆయత్‌ను రెండో సగం కోసమే పెద్దలు మాకు వినిపించేవారు. మొదటి సగం కూడా అంతే స్పష్టంగా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మాసిన బట్టలతో పండుగ చేసుకోవడం పొదుపు అనిపించుకోదు.

పెద్దమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. ఈ ఏడు ఖాతా పుస్తకం తెరిచినప్పుడే, "అమ్మీ, నాకు మంగళగిరి వద్దు. నా స్నేహితురాళ్లంతా పాకిస్తానీ సూట్లు వేసుకుంటున్నారు. నేనొక్కదాన్నే నానమ్మలా కనబడతాను" అంది. నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. ఏడేళ్ల క్రితం నేను చేసిన తప్పు దాని ఒంటిమీదే కదా జరిగింది, అదే మరిచిపోయిందా అనుకున్నాను. మావారు నన్ను వంటింట్లోకి పిలిచి, "అప్పుడు నువ్వు ఎంచావు, అది మోసింది. ఇప్పుడు దాన్నే ఎంచనీ" అన్నారు. పుస్తకంలో దానిపేరు ఎదురుగా 2,000 రూపాయలు అని రాసి, డబ్బు దాని చేతికే ఇచ్చాను. రెండే షరతులు. వదులుగా ఉండాలి, మార్చి ఎండకు ఓర్చాలి.

దుకాణంలో అది చేసిన పని నేను ఊహించలేదు. దుకాణదారు లాన్ అని చెప్పి పది సూట్లు పరిచాడు. లాన్ అంటే సన్నని నూలు నేత. కాని ఆ పేరుతో పాలిస్టర్ మీద అచ్చువేసినవి బజారులో కొల్లలు. పిల్ల ఒక్కొక్కటీ వేళ్లమధ్య నలిపింది, వెలుతురుకు పట్టింది, వెనక్కి తిప్పింది. అచ్చం మా అమ్మే. తరువాత నచ్చిన రెండింటి కొసల నుంచి ఒక్కొక్క పోగు ఇమ్మని దుకాణదారును అడిగింది. "ఎందుకు బేటా?" అన్నాడాయన. "ఇంటికెళ్లి కాల్చి చూస్తాను. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. కాకపోతే కరిగి ముద్దవుతుంది" అంది. దుకాణమంతా మా వైపు తిరిగింది. నేను సిగ్గుతో దుపట్టా సర్దుకుంటూ నిలబడ్డాను. ఆయన పెద్దమనిషి. కాసేపు చూసి నవ్వి, రెండింటిలో ఒకదాన్ని మడిచి పక్కన పెట్టేశాడు. "ఇది కాల్చనక్కరలేదు బేటా, కరుగుతుంది" అన్నాడు. రెండోది 1,450 రూపాయలకు ఇచ్చాడు.

అది ముదురు నీలం సూట్. మీద తెల్లని సన్నపూలు. నాకైతే అంత నచ్చలేదు, పండుగకు నిండుగా లేదనిపించింది. మిగిలిన 550 రూపాయల సంగతి నేను అడగలేదు. అది కూడా చెప్పలేదు. పండుగకు రెండు రోజుల ముందు తెలిసింది. పనికి వచ్చే ఆమె కూతురు, అంటే ఆనాడు నెట్ గౌను తిరిగి పంపిన పిల్ల, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆ డబ్బుతో ఆ పిల్లకు నూలు కుర్తీ ఒకటి తీసి, ఇస్త్రీ చేసి, తనే వాళ్లింటికి వెళ్లి ఇచ్చి వచ్చిందట. ఈసారి అది తిరిగి రాలేదు. పండుగనాడు ఆమె ఖీర్ గిన్నె తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల కూడా అదే కుర్తీ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

చిన్నదానికి ఆరేళ్లు. దాని గౌను మాత్రం నేనే ఎంచాను. ఆకుపచ్చ మంగళగిరి నూలు, మెడకు మెత్తని పైపింగు, పూసలు లేవు. అడుగున మూడు టక్కులు పెట్టమంటే దర్జీ భాయ్ కుట్టుమిషన్ ఆపి, "ఈ రోజుల్లో ఎవరు పెట్టించుకుంటున్నారమ్మా? ఏడాదికొకటి కొంటారు గాని" అన్నాడు. ఒకే ఏడాదిలో మళ్లీ రెండు ఈద్‌లు ఎప్పుడొస్తాయని అప్పటికే నేను పంచాంగం తిప్పి చూశాను. 2033లో వస్తాయి, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి. అప్పటికి చిన్నదానికి పదమూడేళ్లు, ఈ గౌను ఎంత విప్పినా దానికి చాలదు. ఆ మాట దర్జీ భాయ్‌తో అనలేదు. ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి, ఆనాటి తెల్లలేసు ఎక్కడ కొన్నావని అడిగాను. "కొనడమేమిటి? నా పాత దిండుగలీబు అంచు విప్పి వేశాను" అంది అమ్మ.